పాతపత్రికలలోని చిల్లర పుటలు

గ్రంథాలయమునందు ఏదో యొక నిర్ణీతవిషయమును వెదకుటకై పాతపత్రికల సంపుటమును విప్పినవాడు, తాను వచ్చిన పనిని మాత్రమే చూచుకొని లేచిపోవుట మిక్కిలి అరుదు. ఏ మహాసభకు ఎవరు అధ్యక్షత వహించిరో, ఏ గ్రంథముపై ఎవరు విమర్శ వ్రాసిరో తెలిసికొనవలెనని పుటలు త్రిప్పుచుండగా, ఆ వార్తకు ఎడమప్రక్క హార్మోనియము వెలయు, కుడిప్రక్క సకలరోగనివారిణి యని పేరు పెట్టుకొన్న లేహ్యముయొక్క గుణవర్ణనమును, అడుగున నాటకసమాజమువారి ప్రదర్శన ప్రకటనమును, దాని కానుకొని చందాలిచ్చిన దాతల పేర్లును రూపాయి అణా పైలతో సహా వరుసగా అచ్చువేసిన పట్టికయు అతని కన్నును తమవైపు లాగుకొనును. ప్రొద్దు వాలునప్పటికి వెదకవచ్చిన విషయము రెండు పంక్తులలో ముగిసియుండగా, వెదకని విషయములు మాత్రము కాగితములు నింపియుండును. ఈ వెదకని విషయములను గూర్చియే నేనిచట చెప్పదలచినాను. వీనిని కాలక్షేపమునకు పనికివచ్చు వింతలుగా మాత్రమే మనము చూచుచున్నాము. నామట్టుకు నాకు, గడచిన నూరు నూటయేబది సంవత్సరముల తెలుగుజీవితమును తెలిసికొనుటకు ఇంతకంటె నిక్కమైన సాక్ష్యము వేరొకటి లేదని దృఢమైన విశ్వాసము కలదు.

మన చరిత్రకారులు పత్రికలను ఉపయోగించుకొనలేదని నేననను. సంపాదకీయములను చదివిరి, మహాపురుషుల ఉపన్యాసములను ఎత్తివ్రాసికొనిరి, కవుల రచనలను ఏరి సంపుటములుగా వెలయించిరి. ఐతే గింజ మనకు దక్కినదను తృప్తితో తక్కినదంతయు ఊకయని చెరిగివేసిరి. ఊక యనుకొన్నదానిలో ప్రకటనలున్నవి, పాఠకుల ఉత్తరములున్నవి, పోయిన వస్తువుల ప్రకటనలున్నవి, వధూవరుల వేటయున్నది, ధాన్యపు ధరలున్నవి, రైలుబండి వేళల మార్పులున్నవి. సంపాదకుడు వ్రాసినది, జనులు ఎట్లుండవలెనని అతడు కోరెనో చెప్పును. చిల్లర పుటలు, జనులు ఎట్లుండిరో చెప్పును. ఈ రెండింటిలో మొదటిది మాత్రమే నిలువచేసికొన్న జాతికి తన గతమునుగూర్చి సగము తెలివియే మిగులును.

అసలు తెలుగు పత్రికల పుట్టుకయే ఎన్నియో వింతల కూడలి. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున చెన్నపట్టణమునుండి 1842లో వెలువడిన ‘వర్తమాన తరంగిణి’ని నడపినవారు సయ్యద్ రహ్మతుల్లా యను మహమ్మదీయ ప్రముఖులు. భాషకును మతమునకును ముడివేసి మాటలాడుట నేడు మనకు అలవాటైపోయినది గాని, తెలుగులో వార్తలు చదువుకొను అభిరుచిని మొట్టమొదట పెంచినవారిలో ఒక మహమ్మదీయుడు ఉండుట ఆ కాలమువారికి ఆక్షేపణీయముగా తోచినట్లు కానరాదు. మరియు 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమునుండి ‘వివేకవర్ధని’ని ప్రారంభించినప్పుడు ఆ పత్రిక అచ్చైనది ఎచ్చట? చెన్నపట్టణములో, కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి ముద్రాక్షరశాలలో! కొక్కొండవారు ‘ఆంధ్రభాషాసంజీవని’ సంపాదకులు, స్త్రీవిద్యాది విషయములలో వీరేశలింగముగారికి బద్ధప్రతిపక్షులు. ఇరువురి నడుమను వాదము ముదిరిన కొలదిని ఒకరు ‘హాస్యవర్ధని’ యనియు, దానికి బదులుగా వేరొకరు ‘హాస్యసంజీవని’ యనియు అనుబంధములు వెలువరించి, ఎదుటివాని పత్రిక పేరులోని సగమును తమ పరిహాసమునకు తలకట్టుగా చేసికొనిరి. వీరేశలింగముగారి ప్రహసనములెన్నియో ఈ వేడిలో పుట్టినవే. ఆ ప్రహసనములను నేడు మనము గ్రంథావళిలో చదువుదుము. వాని కెదురుగా వచ్చిన ప్రతివాదములను, ప్రక్కపుటలోని లేఖలను చదువము. ఒక చేతి చప్పుడు మాత్రము విని తాళమెట్టిదో నిర్ణయించుచున్నాము.

ఇక ప్రకటనల సంగతికి వత్తును. ఈ భాగమునందు కొంచెము తడవు నిలువవలసియున్నది. ఏలయన, తెలుగు పత్రికలకు ప్రకటనలు అతుకులు కావు, ఆయువుపట్టులు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమను తలనొప్పిమందును తయారుచేయ నారంభించిరి. ఆ పసుపువన్నె లేపమును సంగీతసభలలో శ్రోతలకు ఉచితముగా పంచిపెట్టి దాని ప్రఖ్యాతిని దేశమంతటను నాటిరి. ఆ వ్యాపారమునుండి వచ్చిన ధనముతో 1908లో బొంబాయిలోనే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా వెలువరించి, 1914 ఏప్రిలు 1వ తేదీన దానిని చెన్నపట్టణములో దినపత్రికగా స్థాపించిరి. ఏటేట ఉగాదిసంచికలు వచ్చినవి. 1924లో ‘భారతి’ వచ్చెను. శాసనపరిశోధనము, ఛందోవిమర్శ, భావకవిత్వము, కథానిక — ఇవి యన్నియు ఒక గూటికి చేరి పెరిగిన ఆ మాసపత్రికను పోషించినది ఏ మహారాజుగారి ఖజానాయు కాదు. బజారులో సామాన్యజనుడు తలనొప్పికి కొనుక్కొన్న చిన్న మందుసీసా. తెలుగుభాషకు గర్వకారణమైన ఒక శతాబ్దార్ధపు పాండిత్యము ఆ సీసావలన నిలిచినదనుట అతిశయోక్తి కాదు.

ఇది యొక్క పంతులుగారితో ముగిసిన వింత కాదు. చెన్నపట్టణమునందే డాక్టరు కె. ఎన్. కేసరిగారు స్త్రీల రుగ్మతలకు ‘లోధ్ర’ యను ఔషధమును అమ్మి, ఆ లాభముతో 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించి, రచయిత్రులకు స్వర్ణకంకణము తొడిగి గౌరవించు ఆచారమును నెలకొల్పిరి. పత్రిక తెరచినచో ఒక పుటలో స్త్రీ వ్రాసిన పద్యమో, కథయో యుండును. మరియొక పుటలో ఆ స్త్రీ బయటికి చెప్పుకొనలేని బాధకు మందు ప్రకటింపబడియుండును. ఈ రెండింటిని కలిపి చదివినవానికి మాత్రమే ఆ కాలపు తెలుగు గృహిణియొక్క శరీరమును, మనస్సును ఒక్కసారిగా గోచరించును. సాహిత్యచరిత్ర వ్రాసినవారు పద్యమును గైకొని మందును విడిచిరి. వైద్యచరిత్ర వ్రాయుటకు పూనుకొన్నవారు మనలో అరుదు.

ఆ ప్రకటనల తీరును దగ్గరగా చూడుడు. నల్లని గీతలతో కట్టిన చతురస్రము. నడుమ చెక్కపై చెక్కి అచ్చొత్తిన సీసా బొమ్మ. పైన పెద్ద యక్షరములలో మందుపేరు. క్రింద, వాడి గుణము కనుగొన్న తాలూకా గుమాస్తాలు, ఉపాధ్యాయులు, మునసబులు వ్రాసి పంపిన యోగ్యతాపత్రములు. కడపట వెల, తపాలుఖర్చు ప్రత్యేకమను హెచ్చరిక, వి.పి.పి. మూలమున పంపబడునను సదుపాయము. ఇంత చిన్న గడిలో ఎన్ని సంగతులు ఇమిడియున్నవో ఎంచి చూడుడు. పల్లెటూరికి తపాలాబంట్రోతు వెళ్లుచున్నాడని తెలియుచున్నది. సొమ్ము ముందుగా పంపుటకు జనులకు నమ్మకము చాలలేదనియు, పొట్లము చేతికి వచ్చిన పిమ్మటనే రొక్కము ముట్టజెప్పెడివారనియు తెలియుచున్నది. ఇరుగుపొరుగువాని మాటకంటె సర్కారు ఉద్యోగి సంతకమునకు విలువ హెచ్చైన కాలమది యనియు తెలియుచున్నది. 1957లో నయాపైసలు వచ్చి అణాను, పైని తుడిచివేసినవి గాని, పదునారణాల రూపాయిలో ఒక సాధారణ కుటుంబము దేనికెంత వెచ్చించెడిదో ఆ గడులలో చెక్కుచెదరక యున్నది. ఏ ఆర్థికశాస్త్రగ్రంథమునందును ఇంత చవకగా ఇంత జ్ఞానము లభింపదు.

వార్తలు కవిత్వమునకు కన్నుతెరపించిన ఉదాహరణమొకటి చెప్పెదను. 1910 మే నెలలో, సాధారణ నామ సంవత్సరమున, హేలీ తోకచుక్క ఆకసమున కనబడెను. భూమి ఆ చుక్కతోకగుండ పోవునని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. ఆ తోకలో విషవాయువున్నదని అంతకు కొన్నినెలల ముందే కనుగొనియుండిరి. వార్త తంతులమీద ప్రపంచమంతయు పాకెను. అమెరికాదేశమున తోకచుక్క విషమునకు విరుగుడని చెప్పి మాత్రలు సైతము అమ్మిరి. శాస్త్రవిజ్ఞానమునకు పుట్టినిల్లని మనము భావించు దేశములలోనే ఇంత కలవరము పుట్టగా, తోకచుక్కను తరతరములుగా అరిష్టసూచకముగా నెంచుచు వచ్చిన మన నాట జనుల మనస్సెట్లుండునో ఊహింపవచ్చును. ఆ యేటనే గురజాడ అప్పారావుగారు ‘ఆంధ్రభారతి’లో ‘ముత్యాలసరములు’ ప్రకటించిరి. అందు భర్త భార్యకు తోకచుక్కను గూర్చి చెప్పుచు, అది కీడు సూచించునన్న మాటను త్రోసిపుచ్చి, దానిని రానున్న సంస్కరణమునకు గురుతుగా గ్రహించును. ఆ పద్యమును పాఠ్యపుస్తకమునందు ఒంటరిగా చదివిన విద్యార్థికి అది ఛందస్సులో క్రొత్త పోకడగా మాత్రమే తోచును. ఆ వేసవి పత్రికలతో కలిపి చదివినవానికో, ఊరంతయు ఆకసమువైపు భయముతో చూచుచున్న వేళ ఒక విజయనగరవాసి అదే చుక్కవైపు వేలుచూపి భయపడకుడని చెప్పినట్లు వినబడును. పద్యము అక్షరమైన మారదు. దాని ధైర్యమెంతటిదో అప్పుడు తెలియును.

మొదటి ప్రపంచయుద్ధము మన ముంగిటికి వచ్చిన ముచ్చటయు ఇట్టిదే. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణపు తీరమున నిలిచి గుండ్లు కురిపించి, చమురుతొట్లను తగులబెట్టి, అరగంటలోపల మాయమాయెను. ‘ఆంధ్రపత్రిక’ దినపత్రికయై అప్పటికి ఆరునెలలైనను నిండలేదు. జనులు వేలకొలదిగా పట్టణము విడిచిపోయిరి. యుద్ధచరిత్రలలో ఇది యొక పంక్తి. కాని ఆ దినములలో ఇండ్లు విడిచినవారెవరు, ఏ బండ్లకు ఎంత బాడుగ పలికెను, అంగళ్లలో బియ్యము దొరికెనా అనునవి పత్రికల చిల్లర పుటలలో తప్ప వేరెచ్చట దొరకును?

కవుల కలహములు మరియొక గని. 1910వ సంవత్సరప్రాంతమున తిరుపతి వేంకటకవులకును, పిఠాపురమునందలి వేంకట రామకృష్ణకవులకును నడచిన ‘గీరత’ వివాదము పద్యములలోనే సాగెను. దూషణయు పద్యమే, ప్రతిదూషణయు పద్యమే. వ్యాకరణదోషము పట్టుటయు పద్యమే. పత్రికలు, కరపత్రములు, చిన్నపొత్తములు దీనితో నిండినవి. రసజ్ఞులు రెండుగా చీలి, తమ పక్షమువారి పద్యములను కంఠస్థము చేసికొని తిరిగిరి. అందులోని కటుత్వమును నేను మెచ్చను. ఐనను యతిప్రాసలను సరిచూచుచు కోపగించుకొను పాఠకలోకమొకటి తెలుగునాట నిజముగా నుండినదని తెలిసినప్పుడు నాకు గౌరవభావమే కలుగుచున్నది.

పాతపత్రికలు సంతోషపెట్టుటయే కాదు, మనము గట్టిగా నమ్ముకొన్నదానిని తలక్రిందులును చేయును. తెలుగు తొలి టాకీ ‘భక్తప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయ్యెనని దశాబ్దములు మనము నమ్మితిమి. ఆ తేదీన ఉత్సవములును జరుపుకొంటిమి. పుస్తకములలో అచ్చైన తేదీ, ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు, సభలో పలికిన ఉపన్యాసమునుండి మరుసటి యేటి వ్యాసమునకు ప్రాకి స్థిరపడిపోయెను. పత్రికారచయిత రెంటాల జయదేవగారు నాటి పత్రికలను, సెన్సారు దాఖలాలను ఓపికతో శోధించి, ఆ చిత్రమునకు 1932 జనవరి 22న గాని సెన్సారు కాలేదనియు, 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయి కృష్ణా సినిమాశాలలో అది మొదట ప్రదర్శింపబడెననియు నిరూపించిరి. దర్శకులు హెచ్. ఎం. రెడ్డిగారు గాని, అందు నటించిన సురభి కళాకారులు గాని తేదీని దాచిపెట్టినవారు కారు. తేదీ బహిరంగముగానే యుండెను. ఆ యేటి పత్రికలను ఎవరును త్రిప్పిచూడకపోవుటచేత మాత్రమే అది మరుగుపడియుండెను.

ఆ శోధనలో బయటపడు ప్రక్కవింత యొకటి చూడుడు. 1931 అక్టోబరు 31న చెన్నపట్టణమున ‘కాళిదాసు’ అను టాకీ విడుదలయ్యెను. అందు నాయిక తమిళమున మాటలాడగా నాయకుడు తెలుగున బదులు చెప్పెను! తెరమీద ఇరువురు రెండుభాషలలో ప్రేమించుకొనుచుండగా ప్రేక్షకులు చూచి ఆదరించిరి. ఎందుకనగా, నాటి చెన్నపట్టణము అట్టిదే. జార్జిటౌను వీథులలో ఇరుగుపొరుగులు నిత్యము రెండుభాషలలో సంభాషించుకొను నగరవాసికి తెరమీది సంభాషణ వీథిలోని సంభాషణకంటె వేరుగా తోచియుండదు. నేడు మనకు అది వింత; నాటివారికి ఇంటిముచ్చట. ఏది యెప్పుడు వింతయైనదో తెలిసికొన్నచో, నడుమ మనము ఏమి పోగొట్టుకొంటిమో తెలియును.

కథానిక విషయమునను ఇట్లే జరిగెను. గురజాడవారి ‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’లో వెలువడినది, అదే తెలుగున మొదటి కథానిక యని చిరకాలము పాఠశాలలలో చెప్పిరి. స్త్రీల మాసపత్రికయైన ‘హిందూసుందరి’ పాతసంచికలను తెరచినవారికి అందు 1902లోనే భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ కనబడెను. ముప్పది సంవత్సరములు నిండి కొలదికాలమునకే, 1905లో, కన్నుమూసిన ఆ విదుషీమణి ‘అబలాసచ్చరిత్ర రత్నమాల’ వ్రాసి స్త్రీల చరిత్రమును కూర్చినది; ఆమె కథను మాత్రము చరిత్రకారులు చాలకాలము చూడనేలేదు. ఏది మొదటిది యను తగవును పండితులు తీర్చుకొందురుగాక. నన్ను బాధించునది వేరొకటి: ఆడవారి పత్రికను తీరికవేళ చదువదగిన పొత్తముగా నెంచి బీరువా అడుగున పడవేయుటచేత, ఒక రచయిత్రి తన తరమువారికే కాక తరువాతి తరములవారికి కూడ అదృశ్యురాలయ్యెను.

చిల్లరవిషయములనుండి చరిత్ర వ్రాయుట మనకు క్రొత్తవిద్య కాదు. 1926లో హైదరాబాదునుండి ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డిగారు దీనికి మార్గదర్శకులు. నిజాము రాష్ట్రమున తెలుగుకవులే లేరని ఎవరో యన్నమాటకు ఆయన కోపముతో కాక సంపుటముతో బదులు చెప్పిరి. 354 మంది కవుల రచనలు గూర్చిన ‘గోలకొండ కవుల సంచిక’ 1934లో వెలువడెను. మారుమూల గ్రామములలో కరణీకమో, పౌరోహిత్యమో చేసికొనుచు పద్యములు వ్రాసికొన్నవారిని పత్రికయను తీగ కట్టి లాగగా వారందరు వెలికి వచ్చిరి. ఆయనయే 1949లో ‘ఆంధ్రుల సాంఘికచరిత్ర’ ప్రకటించిరి. రాజుల దండయాత్రలను పక్కకు నెట్టి, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ దేవతలకు మ్రొక్కిరి అను ప్రశ్నలను కావ్యములకు వేసి సమాధానములు రాబట్టిరి. ‘క్రీడాభిరామము’లోని ఓరుగంటి వీథులు, పూటకూళ్లయిల్లు, పందెములు ఆయనకు శాసనములంత ప్రమాణములైనవి. కాకతీయులనాటి భోజనమునకు ఒక వీథినాటకపు పద్యము సాక్ష్యమైనప్పుడు, మన తాతలనాటి భోజనమునకు కాఫీక్లబ్బు ప్రకటనము సాక్ష్యము కాకపోవునా? ఇరువదవ శతాబ్దికి సాంఘికచరిత్ర వ్రాయబూనిన సురవరమువారి శిష్యులకు కావ్యములు చాలవు. పత్రికలే కావలెను, అందును పూర్తిపత్రికలు కావలెను.

కాఫీక్లబ్బు అన్నాను గనుక, ఆ ప్రకటనలలో నొప్పి కలిగించునది యొకటి యున్నదని చెప్పకతప్పదు. స్వరాజ్యసభల వార్త అచ్చైన పుట ప్రక్కనే బ్రాహ్మణ భోజనశాల, బ్రాహ్మణ కాఫీహోటలు అను ప్రకటనలు నిస్సంకోచముగా నిలిచియుండును. వానిని అచ్చువేసినవారు దుర్మార్గులు కారు. ఆ యేర్పాటు వారికి గాలివలె సహజముగా తోచినది, అదియే భయంకరము. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను పంచమ మహాజనసభ జరిగి, తాము ఆదిఆంధ్రులమని చాటుకొన్నప్పుడు, ఆ సభ జరిగినన్నినాళ్లును కనకదుర్గాలయపు తలుపులు మూసియుంచిరి. వర్మగారు పిమ్మట హైదరాబాదునుండి ‘భాగ్యనగర్’ పత్రికను స్వయముగా నడపిరి. సంపన్నుల పత్రికలు తోలుకట్టు సంపుటములుగా బీరువాలలో నున్నవి. ఇట్టి చిన్నపత్రికల సంచికలు మాత్రము, ఏ ఇంటి అటకమీదనో మిగిలినచో మిగిలినట్లు. మనకు వింతలుగా తోచునవి ఎవరి వింతలు, ఎవరివి దాచుకొంటిమి, ఎవరివి పోగొట్టుకొంటిమి అని ప్రతి పరిశోధకుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

కాగితమునకును కాలమునకును సంధి లేదు. చవకరకము పత్రికాకాగితమును కొయ్యగుజ్జుతో చేయుదురు. అందు మిగిలియున్న పదార్థము వెలుతురుకు, గాలికి పసుపుబారి, ఆమ్లముగా మారి, తనలోని పోగులను తానే కొరికివేయును. నారగుడ్డలతో చేసిన పూర్వపు కాగితము నూరేండ్లకుపైగా గట్టిగా నిలిచియుండగా, దాని తరువాత పుట్టిన 1920 ప్రాంతపు పత్రిక వ్రేలు తగిలినంతనే పొడియగుచున్నది. దీనికి తోడు చెదలు, తేమ, వరదలు. 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచిన వరదనీరు సుందరయ్య విజ్ఞానకేంద్రమున ప్రవేశించి, అచట భద్రపరచియుంచిన అపురూపమైన ఉర్దూ గ్రంథములను, పత్రికలను తడిపివేసెను. ఒక జీవితకాలమున ఒక వ్యక్తి కూడబెట్టిన సేకరణ అది. తెలంగాణమున తెలుగువాని గతము సగము ఉర్దూలో నున్నది గనుక ఆ నష్టము తెలుగువారి నష్టము కూడ.

వేటపాలెము సారస్వతనికేతనము, రాజమహేంద్రవరపు గౌతమీగ్రంథాలయము, హైదరాబాదున 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము మొదలగు సంస్థలు ప్రభుత్వపు ప్రాపుకంటె ప్రజల చందాలమీదనే ఎక్కువకాలము బ్రతికి ఈ సంపదను మనదాక తెచ్చినవి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీవారు పాతపత్రికలను ఛాయాప్రతులుగా మార్చి అందరికిని అందుబాటులోనికి తెచ్చిన పని మిక్కిలి కొనియాడదగినది. ఐతే ఈ పని ఇంకను ఎంతో మిగిలియున్నది, దానిలో రెండు పొరపాట్లు జరుగకుండ చూడవలెను. మొదటిది: మాసపత్రికలను కట్టుకట్టించునప్పుడు అట్టలను, ప్రకటనల పుటలను చింపివేయు అలవాటు అనేక గ్రంథాలయములలో చిరకాలముగా నుండెను. స్థలము కలిసివచ్చునని చేసిన ఆ పనివలన ‘భారతి’వంటి పత్రికల సంపుటములు అనేకములు ఆదియును, అంతమును లేని మొండెములుగా మిగిలినవి. వ్యాసములు వేరుచోట దొరకునేమో గాని, ఆ అట్టలు దొరకవు. ఛాయాప్రతులు తీయువారు కూడ ఖాళీగా తోచిన పుటను, ప్రకటన మాత్రమే యున్న పుటను దాటివేయుట మానవలెను.

రెండవది మనమందరము చేతులార చేయుచున్న పని. చేతిఫోనులో దినమునకు పది పాతప్రకటనలు చేతులు మారుచున్నవి: ఎన్నడో అచ్చైన సబ్బు ప్రకటన, గ్రామఫోను ప్రకటన, తాతలనాటి వివాహప్రకటన. చూచినవారు నవ్వి పదిమందికి పంపుదురు. ఏ పత్రిక, ఏ తేదీ, ఏ పుట అను ముక్క మాత్రము ఎచ్చటను ఉండదు. కత్తిరించినవాడు పైనున్న తేదీపంక్తిని కూడ కత్తిరించివేయును. ‘భక్తప్రహ్లాద’ తగవు తీరినది తేదీలవలననే గదా. ఊరు పేరు లేని ప్రకటన నిజమైనదో కల్పితమో చెప్పుటకు సాధ్యము కాదు, దానితో ఏ సంగతినైన నిరూపింపవచ్చును, ఏదియు నిరూపితము కాదు. ఆ నవ్వును నేను ఆక్షేపింపను, కాని ప్రక్కనున్న వార్త కూడ చదివినచో ఆ నవ్వు చాలసార్లు మధ్యలో ఆగిపోవును. వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతువివాహము జరిపించినప్పుడు వంటవారు, నీరు మోయువారు వారి యింటికి రాకుండ మానుకొనిరి. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేయకున్నచో ఆ యుద్యమము నిలుచుట కష్టమయ్యెడిది. ఇట్టి కాలమున వితంతువును వివాహమాడెదనని ఒక యువకుడు పత్రికలో చేసిన ప్రకటన వింతగా కనబడవచ్చును, కాని ఆ నాలుగు పంక్తులకై అతడు ఎన్ని ఇండ్ల గడప తొక్కుటకు నోచుకొనకపోయెనో ప్రక్కపుటలే చెప్పును.

కనుక గ్రంథాలయాధికారులకు నా విన్నపము ఒకటి, గృహస్థులకు మరియొకటి. చందాదారులు దానమిచ్చిన పాతసంచికలను కట్టించునప్పుడు అట్టలు, ప్రకటనలు, అనుబంధములు అన్నిటిని సంచికతో కలిపియే కుట్టించుడు. కుట్టుటకు సొమ్ము చాలనిచో త్రాడుతో కట్టి పెట్టెలో నుంచుడు. ఇంటి అటకమీద పెద్దలు మిగిల్చిపోయిన పత్రికలున్నచో, పాతకాగితముల వర్తకునికి కిలోల లెక్కన తూచి ఇచ్చుటకు ముందు దగ్గరి గ్రంథాలయమునకు ఒక జాబు వ్రాయుడు. అందు ఏ మహాకవి రచన యున్నదో లేదో మీరు వెదకనక్కరలేదు. ఏ పత్రిక, ఏ సంవత్సరము, మొత్తము ఎన్ని సంచికలు, ఎన్నిటికి అట్టలున్నవి — ఈ నాలుగు సంగతులు తెలిపినచో చాలును.